అమ్మకు రెస్టు రాసిన ఎండాకాలం

మొన్న మా తమ్ముడు దవాఖానలో చూపించుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు. ఇల్లంటే జహీరాబాద్‌లో హైవేకి రెండు సందుల ఇవతల, పదవీ విరమణ తర్వాత నేనొక్కదాన్నే ఉంటున్న రెండు గదుల ఇల్లు. చెప్పులు విడిచి కుర్చీలో కూలబడ్డాడు. నేనిచ్చిన నీళ్లు సగం తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని, "అక్కా, డాక్టరు రెస్టు తీసుకోమన్నడు" అన్నాడు. తీసుకో మరి అన్నాను. "ఎట్ల తీసుకోవాలె?" అన్నాడు. ఎగతాళికి అన్న మాట కాదది. కళ్ల కింద నల్లగా ఉబ్బి ఉంది, నిద్రపోయి ఎన్నాళ్లయిందో. నేను జీవితమంతా ఇంగ్లిష్ పాఠాలు చెప్పి బతికినదాన్ని. ఆ మాటకు అర్థమేమిటని అడిగితే చెప్పగలను, వాక్యంలో పెట్టి చూపమంటే నిలబడ్డచోటే పది వాక్యాలు చెప్పగలను. అదెలా తీసుకోవాలో మాత్రం నాకూ తెలియదు. తెలిస్తే ముందు నేనే తీసుకుందును కదా.

ఈ మధ్య ఈ మాటలంటేనే నాకు విసుగ్గా ఉంది. పక్కింటి పిల్ల రోజుకు ఎన్నిసార్లు రిలాక్స్ అంటుందో లెక్కలేదు, అంటూనే మెట్ల మీద పరుగు తీస్తుంది. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి "ట్రస్ట్ మీ మేడం, రేపు పక్కా" అంటాడు, రేపు రాడు. రెస్టు, లీవు, రిలాక్సు, ట్రస్టు, ఫెయిత్, కాన్ఫిడెన్సు, ఈ మాటలన్నిటికీ తేడాలు చెప్పి, ఉదాహరణలిచ్చి, పిల్లల చేత అప్పజెప్పించినదాన్ని నేను. బిలీఫ్ అంటే ఒక సంగతి నిజమని అనుకోవడం, ట్రస్ట్ అంటే ఒక మనిషి మీద భారం వెయ్యడం అని బోర్డు మీద రాసేదాన్ని. పిల్లలు తలలూపి రాసుకునేవాళ్లు. వాళ్లకు తెలిసిన ట్రస్టల్లా గుడి పక్కన సత్రం కట్టించిన ట్రస్టే. అన్నిట్లోకీ చెప్పడానికి కష్టమైన మాట రిలై. ఆధారపడడం అంటే మన దగ్గర అదేదో చేతగానితనంలా వినపడుతుంది, చెప్పగానే పిల్లలు మొహాలు చిట్లించేవాళ్లు. అప్పుడు నేను పాఠం పక్కన పెట్టి మా ఊరి సంగతి మొదలుపెట్టేదాన్ని గానీ, గంట కొట్టేవేళకు ఎప్పుడూ సగంలోనే ఉండేది. పూర్తిగా ఎవరికీ చెప్పలేదు. మొన్న మా తమ్ముడికి చెప్పాను. చెప్పవలసినవాడు కూడా వాడే. ఎందుకంటే ఆ సంగతి జరిగినప్పుడు వాడు అమ్మ కడుపులో ఉన్నాడు.

మాది మొగుడంపల్లి వైపు ఊరు. ఎర్ర నేల. ఇంట్లో అమ్మ, నాయిన, నాయనమ్మ, నేను. ఇల్లంతా అల్లం వాసన. గోనెసంచుల్లో, నాయిన చొక్కాలో, అమ్మ కొంగులో, ఆఖరికి నా పలకసంచిలో కూడా అదే వాసన. తెల్లారకముందే అమ్మ లేచి వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, జొన్నరొట్టెలకు కూర్చునేది. రొట్టె తట్టే చప్పుడుతోనే నాకు తెల్లవారేది. ఆ చప్పుడు ఆగిందంటే అమ్మ పొలానికి బయలుదేరిందన్న మాట. ఆమె పగటిపూట నడుం వాల్చడం నేను చూడలేదు. మా ఇంట్లో పగలు పండుకోవడమంటే రెండే కారణాలు, జ్వరం రావడమో, ఎవరైనా పోవడమో. ఆరాం అనే మాట మా నోళ్లలో ఉండేది గానీ అది ఎదుటివాళ్లను పలకరించడానికి. "ఆరామేనా?" అంటే "ఆరామే" అనేవాళ్లు, నెత్తిన మోపుతో నడుస్తూనే.

నా తర్వాత అమ్మకు రెండు కడుపులు నిలవలేదు. మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు నాయిన ఆమెను జహీరాబాద్ తీసుకువచ్చి లేడీ డాక్టరుకు చూపించాడు. సాయంత్రం బస్సు దిగి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "బెడ్ రెస్టు అంట" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో వినపడడం అదే మొదటిసారి. నాయనమ్మ వక్కలు కత్తిరిస్తున్నదల్లా ఆపి, "గదేం మందురా? నీళ్లల్ల తాగాల్నా, తేనెల నాకాల్నా?" అంది. మందు కాదు, కాన్పు అయ్యేదాక మంచం దిగొద్దన్నది అని నాయిన చెప్పాడు. అమ్మ చెప్పులు విడుస్తున్నది ఆగి, "సుమ్నె ఉండుడా?" అంది. ఆమె పుట్టిల్లు బీదర్ వైపు. కోపం వచ్చినా భయం వేసినా కన్నడం వచ్చేది. ఊరికే ఉండడమా అని ఆమె అడిగింది. ఊరికే ఉండడం ఆమెకు అంత భయమైన సంగతని నాకు అప్పుడే తెలిసింది.

నాయనమ్మ నన్ను పిలిచి, "బడికి పోతున్నవు గద, రెస్టును మన మాటల ఏమంటరో మీ సారును అడిగి రాపో" అని పంపింది. సారు విశ్రాంతి అని చెప్పాడు. నేను పరుగెత్తుకొచ్చి చెబితే ఆమె చేతులు తిప్పింది. "విశ్రాంతా? గది బస్టాండుల గదికి పేరు గదనే! గాడ కూసున్నోళ్లు బస్సు రాంగనే లేసి ఉరుకుతరు. దీన్నేమో లేవొద్దంటున్నరు." ఇక ఆ తెలుగు మాట మా గడప దాటి రాలేదు. రెస్టే ఉండిపోయింది. ఊళ్లో ఆడవాళ్లు దాన్ని చూడడానికి వచ్చేవాళ్లు. మంచం పక్కన కూర్చుని అమ్మను తల నుంచి కాళ్ల దాకా చూసి, "రెస్టుల ఉన్నదంట" అని ఒకరితో ఒకరు గుసగుసలాడుకునేవాళ్లు. ఒకామె అయితే "మా ఇంటాయినకు చెప్పి నేను కూడ ఒకపారి రాయించుకుంట" అంది, అందరూ నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె కళ్లు ఎప్పుడూ వాకిలి వైపే ఉండేవి.

ఇంటిపని గురించి కాదు ఆమె దిగులు. నాయనమ్మ రొట్టెలు మందంగా, అంచుల్లో పగిలి, నడుమ మాడి వచ్చేవి. నాయిన మాట్లాడకుండా తినేవాడు, నేను చాటుగా కుక్కకు వేసేదాన్ని. అమ్మ వాటిని పట్టించుకోలేదు. ఆమె ప్రాణమంతా పొలం కాడి కొట్టంలో ఉంది. అల్లం తవ్వాక మంచి గడ్డలు ఏరి, విత్తనానికి అక్కడ నీడలో గుంతలో పోసి, ఎండుటాకులు, చెరుకాకు కప్పేవాళ్లు. మళ్లీ మిరుగు కార్తెలో, తొలకరికి నాటే దాకా అది అలా పడి ఉండాలి. ఊరికే పడి ఉంటే పాడవుతుంది గనక మధ్యమధ్యలో ఒకరు పోయి, కప్పు ఒక మూల తీసి, వాసన చూసి, మెత్తబడిన గడ్డ ఉంటే తీసి పారెయ్యాలి. ఒక్కటి కుళ్లితే కుప్పంతా పోతుంది. ఆ పని అమ్మది. ఇంకెవరూ చేసేవాళ్లు కాదు, ఆమె చెయ్యనిచ్చేది కాదు. ఎందుకంటే ఆ విత్తనం ఆమె పుట్టింటిది. పెళ్లై వచ్చేటప్పుడు వాళ్ల నాయిన ఒక గంప అల్లం బండిలో పెట్టి పంపాడు. ఏడాదికేడాది అదే విత్తనం నిలుపుకుంటూ వచ్చింది. వాళ్ల నాయిన పోయాడు, ఆ పొలమూ అన్నదమ్ముల్లో చీలి చెరుకు కిందికి పోయింది. ఆ అల్లం ఇక మా కొట్టంలో తప్ప ఎక్కడా లేదు.

ఇప్పుడు వాసన చూడవలసింది నాయనమ్మ. ఆమె జీవితమంతా నశ్యం పీల్చిన మనిషి. మొలలో డబ్బీ లేనిదే మంచం దిగేది కాదు. పాలు మాడినా తెలియదు, కిరసనాయిలు ఒలికినా తెలియదు. "అత్తా, నీ ముక్కు పని చెయ్యదు గద" అని అమ్మ మొహం మీదే అనేది. "కండ్లున్నయి గద, చేతులున్నయి గద, పిసికి సూస్త" అనేది నాయనమ్మ. అమ్మకు నమ్మకం కుదరలేదు. ఒక మధ్యాహ్నం ఆమె గోడ పట్టుకుని గడప దాకా నడిచింది. నేను కేక పెడితే నాయనమ్మ వచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఏం గావాలె చెప్పు, నేను తెస్త. నువ్వు మాత్రం మంచమెక్కు బిడ్డా" అంది. ఆమె అమ్మను బిడ్డా అనడం అదే మొదలు. అమ్మ ఒక్కటే అడిగింది. "కుప్పల నుంచి ఒక గడ్డ తెచ్చియ్యి. వాసన నేను సూసుకుంట. గప్పుడు పండుకుంట."

అప్పటి నుంచి అదొక పద్ధతైంది. రెండు మూడు రోజులకొకసారి నాయనమ్మ పొలానికి పోయి కొంగున ఒక గడ్డ కట్టుకొచ్చేది. అమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేది, గోటితో గిల్లి మళ్లీ వాసన చూసేది. "మంచిగుంది" అనేది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకునేది. ఆ పూట నిద్రపోయేది కూడా.

ఎండలు ముదిరాక ఒకనాడు నాయిన, నేను కొట్టానికి వెళ్లాం. దూరం నుంచే వాసన వచ్చింది. నాయిన కప్పు తీస్తే గడ్డలు చేతికి జారిపోతున్నాయి. పైవరసే గట్టిగా ఉంది, నాయనమ్మ ప్రతిసారీ పిసికి చూసింది ఆ పైవరసనే. మేము కబురు పెడితే ఆమె వచ్చింది, గుంత ముందు కూర్చుంది. "ఇగ చెప్పాలె దానికి" అన్నాడు నాయిన. "చెప్తే మంచం దిగుతది" అంది నాయనమ్మ. "దిగితే ఏమైతదో నీకెరుక లేదా? పుట్టింటి విత్తనం పోయిందని విని ఊకుంటదా అది? ఎవ్వలు చెప్పొద్దు." నా వైపు తిరిగి, "నీకే చెప్తున్న" అంది. ఆ మధ్యాహ్నమంతా నాయిన కుళ్లిన అల్లం గంపలతో ఎత్తి దూరంగా పూడ్చాడు. నాయనమ్మ సాయం పట్టింది. ఆమె ఏడవడం నేను చూశాను, ముక్కు చీది మళ్లీ అలవాటుగా నశ్యం డబ్బీ తీసి, దాన్ని చూసి, పీల్చకుండానే మొలలో పెట్టుకుంది.

మరి ఆ తర్వాత అమ్మకు చూపించే గడ్డ ఎక్కడిది? వాగవతల ఒక రైతు కొట్టంలో విత్తనం అల్లం ఉండేది. మండే ఎండలో నాయనమ్మ, గొడుగు లేదు, సరైన చెప్పులు లేవు, వాగు ఇసుకలో కాళ్లు కాలుతుండగా పోయి ఆయన్ని అడిగి ఒక గడ్డ తెచ్చేది. వాగవతల నల్లరేగడి. అందుకని దారిలో మా పొలం దగ్గర ఆగి, ఆ గడ్డకు మా ఎర్రమట్టి బాగా పులిమేది. ఒకసారి నేనూ వెంట వెళ్లాను గనక తెలుసు. ఇంటికి రాగానే మొహం కడుక్కుని, ఊపిరి కుదురుకునే దాకా వాకిట్లో నిలబడి, అప్పుడు లోపలికి పోయి "ఇగో, సూడు" అని ఇచ్చేది. అమ్మ వాసన చూసేది. "మంచిగుంది అత్తా" అనేది. గోడ వైపు తిరిగి పడుకునేది. ఆ ఎండాకాలమంతా గడ్డ ఇచ్చిన ప్రతిసారీ నేను అమ్మ మొహాన్నే చూస్తూ నిలబడేదాన్ని. అమ్మ ముక్కు ఎలాంటిదో నాకు తెలుసు.

మొదటి వానలకు తమ్ముడు పుట్టాడు. నెలలు నిండి, గట్టిగా ఏడుస్తూ పుట్టాడు. నాయనమ్మ వాణ్ని ఎత్తుకుని వాకిట్లోకి వచ్చి ఊరంతా వినేటట్టు "నా రెస్టు బిడ్డ" అని అరిచింది. పురుడు వెళ్లాక అమ్మ ఒకరోజు పిల్లవాణ్ని చంకనేసుకుని పొలానికి నడిచింది. మేమంతా వెనకాలే వెళ్లాం. గుంత ఖాళీగా ఉంది. అల్లం నాటవలసిన మడిలో కంది మొలకెత్తి ఉంది. అమ్మ వంగి ఒక మొలకను ముట్టుకుంది. "కంది మంచిగ మొలిసింది" అంది. ఇంటికి తిరిగొచ్చాక కూడా ఆమె ఆ ఊసెత్తలేదు, మేమెవరం ఎత్తలేదు.

మరుసటి ఏడు విత్తనానికి నాయిన వాగవతలి రైతు దగ్గరే అల్లం తెచ్చాడు. ఇంటి ముందు సంచి గుమ్మరించారు. అమ్మ, నాయనమ్మ ఎదురెదురుగా కూర్చుని ఏరుతున్నారు. తమ్ముడు గడ్డల మధ్యన పాకుతున్నాడు. అమ్మ ఒక గడ్డ తీసి తిప్పి చూసి, మామూలుగా, ఉప్పు ఉందా లేదా అని అడిగినట్టు, "గీ అల్లం నాకు ఎరుకే గద అత్తా" అంది. నాయనమ్మ చెయ్యి ఆగింది. "ఎప్పటి నుంచి ఎరుక?" అంది చివరికి. "నువ్వు గీ గడ్డ మొదటిపారి తెచ్చినప్పటి నుంచే. పైకి ఎర్రమట్టి పూసినవు. కణుపుల సందుల నల్లమట్టి గట్లనే ఉండె. మావోళ్ల అల్లం వాసన నాకెరుక లేదా?" నాయనమ్మ చేతిలోని గడ్డ సంచి మీద పడేసి, "మరి ఎందుకు ఊకున్నవే? రోజు మంచిగుంది, మంచిగుంది అంటుంటివి" అంది, కోపంగానే.

అమ్మ తల ఎత్తలేదు. ఏరుతూనే చెప్పింది. "విత్తనం పోయిందని గా పూటనే తెలిసింది. మా నాయినను మల్ల సాగనంపినట్టయింది. గోడ దిక్కు తిరిగి మస్తు ఏడ్సిన. లేద్దామనుకున్న కూడ. కానీ నీ కాళ్లు సూసిన. బొబ్బలు లేసి ఉండె. గంత ఎండల వాగు దాటిపోయి నా కోసమని అబద్ధం మోసుకొచ్చినవు. గిసుంటి మనిషి ఉన్నంక నేను లేసి సూసేదేముందని పండుకున్న." నాయనమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాయిన లేచి ఎడ్ల దగ్గరికి పోయాడు, అక్కడ పనేమీ లేదు. వాళ్లిద్దరూ ఆ తర్వాత మళ్లీ పోట్లాడుకోలేదని చెప్పను, రొట్టెల మందం గురించి చచ్చేదాకా పోట్లాడుకున్నారు. కానీ అమ్మ పగలు ఒక పూట నడుం వాల్చడం ఆ ఏడు నుంచి మొదలైంది. ఆమె పడుకుంటే నాయనమ్మ గడపలో కూర్చుని, వచ్చిన వాళ్లను "రెస్టుల ఉన్నది" అని వెనక్కు పంపేది.

ఇదంతా చెప్పేసరికి బయట పొద్దు వాలింది. తమ్ముడు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అమ్మ, నాయనమ్మ ఇద్దరూ పోయాక వాడు వాళ్ల గురించి ఇంతసేపు వినడం కూడా ఇదే మొదలు. "అంటే ఎరుకయ్యే పండుకున్నదా అమ్మ?" అన్నాడు. ఎరుకయ్యే అన్నాను. వాడిప్పుడు అదే ఎర్ర నేలలో అల్లం వేస్తున్నాడు. డ్రిప్పు పెట్టాడు, విత్తనం లారీలో తెప్పిస్తాడు. "నేను కొట్టం కాడ కెమెరాలు పెట్టిచ్చినక్కా" అన్నాడు. "కాపలాకు మనిషిని పెట్టిన. ఆయన పండుకుంటడేమో అని కెమెరాల సూస్త. కెమెరా పని చేస్తలేదేమో అని మల్ల నేనే బండేసుకోని పోయి సూస్త. ఇంట్ల అందరు అన్నీ ఉన్నది ఉన్నట్టే చెప్తరు. ధర పడ్డదని చెప్తరు, తెగులు వచ్చిందని ఫోటో తీసి పంపుతరు, నీ బీపీ గింత ఉన్నదని చెప్తరు. ఒక్కలు కూడ అబద్ధం చెప్పరు." ఆగి, నా మొహంలోకి చూస్తూ అడిగాడు. "అమ్మకు చెప్పినట్టు నాకు చెప్పేటోళ్లు ఎవరున్నరక్కా?"

వాడి భార్య చెడ్డది కాదు, పిల్లలు బంగారం లాంటివాళ్లు. వాళ్ల పేర్లు చెప్పి ధైర్యం చెబుదామనుకున్నాను. ఏళ్ల తరబడి పిల్లల ముందు నిలబడి చెప్పిన అర్థాల్లో ఒక్కటైనా ఆ సమయానికి పనికొస్తుందేమోనని వెతుక్కున్నాను. నాకూ చాలా అలసటగా ఉంది.

"నాకు కూడ ఎవ్వలు లేరు తమ్మీ" అన్నాను.

ఆ మాట అంత తొందరగా పైకి వస్తుందని నేననుకోలేదు. వాడు లేచి, కుర్చీని నా పక్కకు జరుపుకుని, మళ్లీ కూర్చున్నాడు.